బ్రోచర్ దిద్దాల్సింది ముందు మనమే

ఫస్టియర్ కమ్యూనికేషన్ ల్యాబ్‌లో ఒక బ్రోచర్. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి ఇంకొకటి. టెక్ ఫెస్ట్‌కి ఒకటి, డిపార్ట్‌మెంట్‌లో వర్క్‌షాప్ పెడితే దానికీ ఒకటి. నాలుగేళ్లలో మనలో దాదాపు ప్రతి ఒక్కరూ రెండు మూడు బ్రోచర్లలోనైనా చెయ్యి పెట్టే ఉంటారు. అవి తయారయ్యే పద్ధతి కూడా అందరికీ తెలిసిందే. సబ్మిషన్‌కి ముందు రోజు రాత్రి కాన్వా తెరుస్తాం. మెరిసిపోయే టెంప్లేట్ ఒకటి పట్టుకుంటాం. అందులో ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు చెరిపేసి మన మ్యాటర్ నింపుతాం. పీడీఎఫ్ తీసి గ్రూప్‌లో పడేస్తాం. నలుగురూ ‘సూపర్ మామా’ అంటారు. వారం తర్వాత పదికి ఏడు వస్తుంది. ఆ ఏడు దేనికి వచ్చిందో, మిగతా మూడు ఎక్కడ పోయాయో ఎవరికీ తెలీదు. వెళ్లి అడిగేవాళ్లూ తక్కువే.

నాకు ఆ మూడు మార్కుల మీద బెంగ లేదు. దిద్దిన మేడమ్‌కి రెండు నిమిషాల్లో కనిపించింది, రాత్రంతా కూర్చుని చేసిన మనకి ఎందుకు కనిపించలేదన్నదే నా ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎవరి బ్రోచర్‌ని వాళ్లు అంచనా వేసుకోవడం నేర్చుకోవాలి. అది సబ్మిషన్‌కి ముందు జరగాలి. ఆ బ్రోచర్ ఎవరి కోసం చేశామో అలాంటి మనిషిని ఎదురుగా పెట్టుకుని జరగాలి. ‘సెల్ఫ్ అసెస్‌మెంట్’ పేరుతో మన చేత నింపించే ఫారాలు చాలావరకు ఈ పని చేయట్లేదు.

టిక్కుల పండగ

ఆ ఫారం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. శీర్షిక ఉందా? ఉంది, టిక్. కనీసం నాలుగు బొమ్మలు ఉన్నాయా? టిక్. ఆరు ప్యానెళ్లూ నిండాయా? టిక్. అక్షరదోషాలు లేవా? మనం వెతకలేదు కాబట్టి మనకి కనపడలేదు, టిక్. చివర్లో ‘మీకు మీరు పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు?’ అని ఉంటుంది. పది వేసుకుంటే బాగోదని తొమ్మిది వేసుకుంటాం. ఇదంతా ఫైనల్ పీడీఎఫ్ అప్‌లోడ్ చేశాక జరుగుతుంది. అంటే తప్పు దొరికినా దిద్దుకునే దారి లేదు. దిద్దలేనప్పుడు ఎవరైనా ఎందుకు వెతుకుతారు?

ఇంకో చిక్కు ఉంది. పని సరిగ్గా రానివాళ్లకి తమ పనిలో లోపం కనపడటమూ కష్టమే. 1999లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ ఇదే విషయం మీద ఒక పేపర్ రాశారు. హాస్యం, తర్కం, ఇంగ్లిష్ వ్యాకరణం మీద పరీక్షలు పెడితే, అట్టడుగున వచ్చినవాళ్లు తాము సగటు కంటే పైనే ఉన్నామని అనుకున్నారు. ఆ లెక్కల మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి. మీమ్స్‌లో అందరూ వాడేది ఈ సగమే. అదే పేపర్‌లో ఇంకో ముక్క ఉంది: తర్కంలో కొంచెం శిక్షణ ఇచ్చాక, వాళ్లు తమ స్థాయిని మునుపటి కంటే సరిగ్గా అంచనా వేసుకోగలిగారు. అంటే మన పనిని మనం చూసుకోవడం కూడా నేర్పితే వచ్చే విద్యే.

మరి ఏం నేర్పాలి? ఆస్ట్రేలియా విద్యావేత్త రాయిస్ శాడ్లర్ 1989లో రాసిన ఒక వ్యాసంలో విద్యార్థికి మూడు కావాలన్నారు. మంచి పని ఎలా ఉంటుందో తెలియాలి. తన పనిని దాని పక్కన పెట్టి పోల్చుకోవడం రావాలి. ఆ రెండింటి మధ్య దూరం తగ్గించడానికి ఏదో ఒకటి చేయాలి. మన ఫారంలో మొదటిది లేదు. రెండోది టిక్కులతో సరిపెట్టారు. మూడోదానికి టైమే ఇవ్వలేదు.

ఒక బ్రోచర్ తీసుకుని చూద్దాం

మాటల్లో చెప్తే తేలదు కాబట్టి ఒక ఉదాహరణ పట్టుకుందాం. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ దత్తత తీసుకున్న ఊళ్లో వేసవిలో పంచడానికి వడదెబ్బ మీద బ్రోచర్ చేయాలనుకోండి. చదివేది ఉపాధి హామీ పనికి వెళ్లే అక్క, మిరప చేలో పని చేసే పెద్దాయన, మనవణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండే మామ్మ.

మన మొదటి డ్రాఫ్ట్ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ముఖచిత్రం మీద కాలేజీ బిల్డింగ్ ఫొటో, లోగో, పెద్దల పేర్లు, కింద ‘అవగాహన కార్యక్రమం’. లోపల ‘వడదెబ్బ అనగా శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉష్ణ నియంత్రణ వ్యవస్థ విఫలమగుట’. వెనక ప్యానెల్ చివరి లైన్‌లో చిన్న అక్షరాలతో 108. టిక్కుల ఫారం ప్రకారం దీనికి ఫుల్ మార్కులు. చేలో పడిపోయిన మనిషి పక్కన నిలబడ్డవాళ్లకి ఇది ఎంతవరకు పనికొస్తుంది? అదీ అసలు ప్రశ్న. అందుకే ఈ బ్రోచర్‌కి మనం వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరు.

మొదటిది: ఎవరు చదువుతారు, చదివాక ఏం చేయాలి? ఇది ఒక్క వాక్యంలో రాయగలగాలి. ‘ఎండలో పని చేసే మనిషి పక్కన కూలబడితే, ఇది చదివిన వాళ్లు వెంటనే నీడకి చేర్చి, ఒళ్లు చల్లబరుస్తూ, 108కి ఫోన్ చేయాలి.’ ఈ వాక్యం రాసుకున్నాక మన ముఖచిత్రం వైపు చూడండి. ఆ పనికి కాలేజీ బిల్డింగ్ ఎందుకూ పనికిరాదు. 108 ముందుకి రావాలి. లోగో వెనక్కి పోయినా ఊళ్లో ఎవరికీ నష్టం లేదు. ఈ ఒక్క వాక్యం రాయలేకపోతే మనకి ఇంకా బ్రోచర్ లేనట్టే. కొన్ని బొమ్మలు, కొన్ని పేరాలు మాత్రం ఉన్నాయి.

రెండోది: చెప్పింది నిజమేనా, పూర్తిగా చెప్పామా? ‘బాధితునికి నీరు త్రాగించవలెను’ అని చాలామంది రాసేస్తారు. స్పృహ ఉన్న మనిషికైతే సరే. స్పృహ తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ ఒక్క షరతు వదిలేస్తే మన బ్రోచరే హాని చేస్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సంగతీ అంతే. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. ప్యాకెట్ మీద ఉన్న కొలత చూసి కలపమని చెప్పకుండా ‘ఓఆర్‌ఎస్ ఇవ్వండి’ అంటే సగమే చెప్పినట్టు. బొమ్మ విషయంలోనూ జాగ్రత్త కావాలి. గూగుల్‌లో దొరికింది కదా అని ఏదో తియ్యటి డ్రింక్ డబ్బా ఫొటో పెట్టేస్తే, జనం కొట్లో అదే అడుగుతారు. ఓఆర్‌ఎస్ ఫార్ములా పాటించని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పాల్సి వచ్చిందంటే ఆ అయోమయం ఎంత ఉందో చూడండి. కాబట్టి ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో ‘ఇది నాకెలా తెలుసు?’ అని రాసుకోవాలి. జవాబు ‘నెట్‌లో చూశా’ అయితే ఆ వాక్యాన్ని పీహెచ్‌సీ డాక్టర్‌కో నర్సుకో చూపించి రావాలి.

మూడోది భాష. సాహితీ క్లబ్ వాళ్లం కాబట్టి ఈ మాట మనమే గట్టిగా చెప్పాలి. పెద్ద పెద్ద మాటలు పడితే అది మంచి తెలుగు అయిపోదు. ‘ఉష్ణఘాతం’ అని రాసేవాళ్లకి ‘వడదెబ్బ’ తెలీదా? తెలుసు. కానీ అచ్చులో పెట్టేసరికి చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడినట్టు రాస్తాం. ‘నిర్జలీకరణ లక్షణములు’ అంటే ఆ పెద్దాయనకి ఏం అర్థమవుతుంది? ‘నోరు ఎండిపోవడం, కళ్లు తిరగడం, ఒంటేలు తగ్గి పచ్చగా రావడం’ అంటే చదివిన మరుక్షణం తన ఒంటిని తాను చూసుకుంటాడు. ఇంగ్లిష్ మ్యాటర్‌ని ట్రాన్స్‌లేటర్‌లో వేసి తీసిన తెలుగు ఇంకో రకం. విడివిడిగా మాటలన్నీ తెలుగే, కలిపి చదివితే ఎవరి భాషా కాదు. దీనికి పరీక్ష తేలిక. పైకి చదవండి. మీ ఇంట్లోవాళ్లతో ఈ వాక్యం ఇలాగే అంటారా? అనకపోతే, ఎలా అంటారో అలా మార్చండి.

నాలుగోది కంటికి సంబంధించినది. మన లిపికి పైన గుళ్లు, కింద వత్తులు. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో లైన్ల మధ్య ఉన్న ఖాళీలోనే తెలుగు కుక్కితే పై లైన్ వత్తు వచ్చి కింది లైన్ గుడి మీద కూర్చుంటుంది. ఆ ఖాళీ పెంచాలి. పెంచితే మ్యాటర్ పట్టదు. పట్టకపోతే మ్యాటర్ తగ్గించాలి గానీ అక్షరం సైజు తగ్గించకూడదు, ఎందుకంటే చదివేవాళ్లలో కళ్లజోడు లేనివాళ్లు ఉంటారు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్‌ని నేరుగా కాపీ చేస్తే యూనికోడ్ ఫాంట్‌లో అర్థం లేని గుర్తులుగా మారుతుంది. అడోబ్ సాఫ్ట్‌వేర్‌లలో భారతీయ లిపుల సెట్టింగ్ పెట్టుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. తెలుగు చదవడం వచ్చిన మనిషి ఒక్కసారి చూస్తే చాలు, ఇవన్నీ దొరుకుతాయి. స్క్రీన్ మీద జూమ్ చేసి చూసుకుని సంతోషపడేవాళ్లకి దొరకవు. ఇంకో మాట, ఊళ్లో మన బ్రోచర్‌కి కాపీలు తీస్తే తీసేది నలుపు తెలుపు జిరాక్సే. ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు జిరాక్స్‌లో రెండూ ఒకే బూడిద రంగు అయిపోతాయి. ఒక్క జిరాక్స్ తీయించి చూడండి, మీ రంగుల సంగతి అదే చెప్తుంది.

ఐదోది మడత. ఏ4 కాగితం అడ్డంగా 297 మిల్లీమీటర్లు. దాన్ని మూడు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 99. లెక్క బాగానే ఉంది కానీ మడిస్తే లోపలికి వెళ్లే ప్యానెల్ తట్టుకుని కాగితం ఉబ్బుతుంది. అందుకే లోపలి ప్యానెల్ 97, మిగతా రెండూ చెరో 100 పెడతారు. అంచుదాకా రంగు ఉంటే ప్రెస్‌వాళ్లు చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ అడుగుతారు, కత్తిరింపులో తెల్ల గీత రాకుండా. ఇవన్నీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చించి, మడిచి, పెన్నుతో ‘ముఖచిత్రం’, ‘తెరవగానే కనిపించేది’, ‘వెనక’ అని రాసుకోండి. స్క్రీన్ మీద మొదటి ప్యానెల్ అనుకున్నది మడతలో ఎక్కడికి పోయిందో అప్పుడు తెలుస్తుంది. క్యూఆర్ కోడ్ పెట్టారా? ప్రింట్ తీసిన కాగితం మీద, మీది కాని ఫోన్‌తో స్కాన్ చేయండి. మీ ఫోన్‌లో తెరుచుకున్న డ్రైవ్ లింక్, పక్కవాళ్ల ఫోన్‌లో ‘పర్మిషన్ అడగండి’ అంటుంది. ఫెస్ట్ బ్రోచర్ల మీద ఇది ఎన్నిసార్లు చూశామో మీకూ తెలుసు.

ఎవరికి చూపించాలి, ఏం అడగాలి

పైవన్నీ మన టేబుల్ దగ్గర కూర్చుని చూసుకునేవి. అసలు పరీక్ష మాత్రం వేరే మనిషితోనే. మన క్లాస్‌మేట్ పనికిరాడు, వాడికి కూడా మనకి తెలిసినవే తెలుసు, పైగా మొహమాటం. హాస్టల్ మెస్‌లో పని చేసే అక్క, గేట్ దగ్గర సెక్యూరిటీ అన్న, పక్క బ్రాంచి జూనియర్, ఇంట్లో నాన్న. ఎవరి కోసం చేశామో వాళ్లకి దగ్గరగా ఉన్న మనిషిని పట్టుకోవాలి. వెబ్‌సైట్ల వాడుకని పరీక్షించే జేకబ్ నీల్సన్ 2000లో, ఐదుగురితో పరీక్షిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని రాశారు. బ్రోచర్‌కి ముగ్గురు దొరికినా సంతోషమే.

‘అక్కా, బాగుందా?’ అని మాత్రం అడగొద్దు. బాగుందనే చెప్తారు. కష్టపడి చేసిన పిల్లల మొహం మీద బాలేదని ఎవరంటారు? ముఖచిత్రం ఐదు సెకన్లు చూపించి, వెనక్కి తిప్పి, ‘ఇది దేని గురించి?’ అని అడగండి. తర్వాత మొత్తం చదవనిచ్చి, ‘మీ పక్కన ఎవరైనా ఎండకి పడిపోతే ఏం చేస్తారు?’ అనండి. వాళ్లు చెప్పేది వినండి. డాక్టర్లు, నర్సులు కూడా రోగికి మందుల సంగతి చెప్పాక, తిరిగి వాళ్ల మాటల్లో చెప్పించుకునే పద్ధతి ఒకటుంది. రోగి సరిగ్గా చెప్పలేకపోతే చెప్పిన తీరులో లోపం ఉందని లెక్క. ఇక్కడా అంతే. మధ్యలో ‘అది కాదక్కా, ఇక్కడ చూడు’ అని మనం నోరు తెరిచామంటే పరీక్ష పోయినట్టే. ఊళ్లో కాగితంతో పాటు మనం వెళ్లం కదా.

‘అందరూ తొమ్మిదే వేసుకుంటారు’

ఇదంతా చెప్తే వచ్చే మొదటి అభ్యంతరం ఇదే. నిజమే, అంకె అడిగితే అబద్ధమే వస్తుంది. కాబట్టి అంకె అడగడం మానేద్దాం. బ్రోచర్‌తో పాటు ఒక పేజీ అడగాలి. ఎవరికి చూపించాను, వాళ్లు ఎక్కడ ఆగారు, దాన్ని బట్టి నేను ఏం మార్చాను, ఇంకా ఏది మిగిలింది. మొదటి డ్రాఫ్ట్, ఆఖరి డ్రాఫ్ట్ రెండూ పక్కపక్కన పెట్టాలి. ‘అక్కకి 108 నంబర్ కనపడలేదు, ముఖచిత్రం మీదకి తెచ్చాం’ అని రాసిన టీమ్‌కి, ‘మా బ్రోచర్ ఆకర్షణీయంగా ఉంది’ అని రాసిన టీమ్‌కి తేడా ఎవరికైనా తెలుస్తుంది. దిద్దేవాళ్లకి మార్కు వేయడమూ తేలికే. ‘ఇంకా మిగిలింది’ అన్న చోట నిజం రాసినందుకు మార్కు తగ్గించకూడదు. అక్కడ తగ్గిస్తే మరుసటి ఏడాది నుంచి ఎవరూ నిజం రాయరు.

రెండో అభ్యంతరం టైమ్. మిడ్స్, రికార్డులు, అసైన్‌మెంట్ల మధ్య ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అని. ముగ్గురికి చూపించడానికి గంట చాలు. కావాల్సిందల్లా డ్రాఫ్ట్ రెండు రోజుల ముందు పూర్తవడం. ఇది మన చేతిలో కంటే షెడ్యూల్ ఇచ్చేవాళ్ల చేతిలో ఎక్కువ ఉంది. డ్రాఫ్ట్‌కి ఒక తేదీ, ఫైనల్‌కి ఇంకో తేదీ పెడితే చాలామంది దారిలోకి వస్తారు. ఒక్క తేదీ పెడితే నాతో సహా అందరం ఆ ముందు రాత్రే మొదలుపెడతాం. మనుషులం కదా.

మూడోది, ‘దిద్దడం లెక్చరర్ల పని, మాకెందుకు’ అనేది. ఒక్కసారి మన ల్యాబ్‌ల వైపు చూడండి. ప్రోగ్రామ్ రాసి, రన్ చేయకుండా ఎవరైనా సబ్మిట్ చేస్తారా? టెస్ట్ కేసులు వేసి, ఎక్కడ పగులుతుందో చూసి, దిద్ది ఇస్తాం. బీమ్ డిజైన్ చేస్తే లోడ్ లెక్క సరిచూసుకుంటాం. సర్క్యూట్ కడితే మల్టీమీటర్ పెట్టి చూస్తాం. అక్కడ ఎవరూ ‘చెక్ చేయడం సార్ పని’ అనరు. కాగితం దగ్గరికి వచ్చేసరికే మనలోని ఇంజినీర్ సెలవు పెడతాడు. మన డిగ్రీలకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ, గ్రాడ్యుయేట్‌కి ఉండాల్సిన లక్షణాల్లో కమ్యూనికేషన్‌ని కూడా చేర్చింది. 2020 జాతీయ విద్యా విధానం స్కూలు పిల్లల ప్రోగ్రెస్ కార్డులోనే స్వీయ మూల్యాంకనం ఉండాలంది. స్కూలు పిల్లలు చేయగలరని నమ్మిన పని బీటెక్ వాళ్లం చేయలేమా?

ఇంకో విషయం, మనలో మనం మాట్లాడుకోవాల్సింది. నలుగురి టీమ్‌లో కాన్వా వచ్చిన ఒక్కరే మొత్తం చేసి, మిగతా ముగ్గురు పేరు మాత్రం పెట్టుకునే రివాజు అన్ని బ్రాంచిల్లో ఉంది. ఈ పద్ధతిలో ఆ ముగ్గురికీ నిజమైన పని దొరుకుతుంది. ఒకరు ప్రతి వాక్యం నిజమో కాదో సరిచూడాలి. ఒకరు పైకి చదివి భాష దిద్దాలి. ఒకరు మనుషులకి చూపించి వాళ్లు చెప్పింది రాసుకురావాలి. డిజైన్ చేసినవాళ్లే పరీక్షించకూడదన్నది కూడా మనకి సాఫ్ట్‌వేర్‌లో చెప్పే పాఠమే.

అందుకని లెక్చరర్లకి ఒక విన్నపం: వచ్చే బ్యాచ్‌కి టిక్కుల ఫారం బదులు ఆ ఒక్క పేజీ అడగండి, డ్రాఫ్ట్‌కి వేరే తేదీ ఇవ్వండి, పాత బ్రోచర్లలో మంచివి రెండు, మామూలువి రెండు మొదటి క్లాసులోనే ముందు పెట్టి తేడా ఏంటో మా చేత చెప్పించండి. ఫెస్ట్ కోఆర్డినేటర్లకి: ఐదు వందల కాపీలకి ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క కాపీ తీసి, క్యూఆర్ స్కాన్ చేసి, తేదీకి, వారానికి పొంతన ఉందో లేదో చూడండి. జూనియర్లకి మాత్రం విన్నపం కాదు, పని చెప్తున్నాను. ఈ సెమిస్టర్ బ్రోచర్ అయిపోయిందనుకున్న రోజు ఒక నలుపు తెలుపు జిరాక్స్ తీయించి, మడిచి, గేట్ దగ్గర అన్నకి ఇవ్వండి. ఆయన చదువుతున్నంతసేపూ ఏమీ మాట్లాడకండి. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని, రూమ్‌కి వెళ్లి ల్యాప్‌టాప్ తెరవండి.